వాడిన పాపానికి ముప్పై ఒక్క నిఘంటువులు

పిల్లలు వాడినందుకు ముప్పై ఒక్క నిఘంటువులను 'వినియోగానికి పనికిరానివి' అని ప్రకటించి, చిత్తు కాగితాల లారీ ఎక్కించారు. ఏ పిల్లా తాకని తొమ్మిదింటిని 'మేలైన స్థితిలో ఉన్నవి' అని రాసి అద్దాల బీరువాలో ఉంచారు. ఈ రెండు వాక్యాలూ ఒకే కాగితం మీద, ఒకే చేతిరాతతో, ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. రాసిన చేతికి ఆ రెంటి మధ్య ఏ వైరుధ్యమూ కనిపించలేదు. ఆ కాగితం పేరు పదిహేడో నంబరు తొలగింపు పత్రం. దాని అడుగున మూడు సంతకాలు, ఒక గుండ్రటి నీలం ముద్ర. నకలు భద్రంగా ఉంది.

ఆ ముప్పై ఒక్క పుస్తకాలనూ ఇరవై ఏడేళ్ల పాటు పిల్లల చేతుల్లో పెట్టిన మనిషి పేరు బుర్మకాన్ సదీర్ కీజీ, అంటే సదీర్ కూతురు. కిర్గిజ్ దేశపు కొండల్లో నారిన్ నదికి ఎగువన, అక్టోబరులో పడిన మంచు ఏప్రిల్ దాకా కదలని కోక్-దొబో ఊళ్లో రష్యన్ భాష చెప్పే ఉపాధ్యాయురాలు. ఊళ్లో అక్కనైనా పంతులమ్మనైనా పిలిచే 'ఎజె' అన్న పిలుపు ఆమెకే సొంతమైనట్టు, ఒట్టి ఎజె అంటే చాలు, బుర్మకాన్ అనే అందరికీ తెలిసేది.

ఆమె గొర్రెల కాపరి కూతురు. ఏడేళ్ల వయసులో వసతి బడికి వచ్చేనాటికి రష్యన్‌లో ఆమెకు తెలిసిన మాటలు రెండే, రొట్టె, లారీ. ఆ బడిలో ఒకే ఒక్క నిఘంటువు ఉండేది, అదీ తాళం వేసిన బీరువాలో. శనివారం శనివారం బీరువా దులిపే పని బుర్మకాన్‌కు అప్పగించి, "దులుపు, తెరవకు" అని చెప్పేది వార్డెనమ్మ. బుర్మకాన్ తెరిచి దులిపేది. వారానికి ఒక పేజీ దుమ్ము వదిలేది. బడి విడిచే నాటికి నాలుగో అక్షరం సగం దాకా వచ్చిందనీ, తక్కిన అక్షరాల మాటలు ఇప్పటికీ తనకు కొంచెం పరాయివిగానే ఉంటాయనీ ఆమె నవ్వుతూ చెప్పేది. నవ్వినా, పుస్తకాన్ని తాళంలో పెట్టిన చేతిని మాత్రం ఏనాడూ క్షమించలేదు.

తొంభై ఆరులో సమష్టి వ్యవసాయ క్షేత్రం ముక్కలై, గొర్రెలూ ట్రాక్టర్లూ పంచుకోగా మిగిలింది క్లబ్బు భవనంలోని గ్రంథాలయం. దాన్ని పంచుకోవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. పొయ్యి రాజేయడానికి కాగితం కావలసినవారు వెళ్లి తెచ్చుకునేవారు. ఆ చలిలో వారిని తప్పుపట్టే నోరు ఎవరికీ లేదు. కట్లు విప్పని నలభై రష్యన్-కిర్గిజ్ నిఘంటువులు వెనక గదిలో ఉన్నాయని తెలిసి బుర్మకాన్ పరుగున వెళ్లింది. కాపలాదారు బొగ్గు అడిగాడు. తన ఇంటి వాటాలోంచి నాలుగు బస్తాలు ఇచ్చి, నలభై పుస్తకాలనూ మంచుబండి మీద లాక్కొచ్చింది.

భర్త కాదిర్ ట్రాక్టరు డ్రైవరు. గుమ్మంలో నిలబడి చూశాడు.

"నాలుగు బస్తాల బొగ్గు పోసి నలభై ఇటుకలు తెచ్చావా? గోడ కడతావా ఏం?"

"కడితే కడతా. నీ పొయ్యిలో మాత్రం పెట్టను."

"చలికి పళ్లు కొట్టుకుంటుంటే ఏం చదువుతావే?"

"'చలి' అన్న మాట తీసి చదువుతా. దానికి ఎన్ని అర్థాలున్నాయో చూద్దాం."

"అన్ని అర్థాలూ ఈ ఇంట్లోనే ఉన్నాయి. పుస్తకం దేనికి?" అని గొణుక్కుంటూనే కాదిర్ పుస్తకాలు దింపడానికి చెయ్యి వేశాడు. అతను పోయి ఇరవై ఏళ్లయింది. ఆ చలికాలం గురించి ఆమె ఎప్పుడు చెప్పినా అతని చెయ్యిని కూడా కలిపే చెప్పేది.

నిఘంటువు ఉన్నంత మాత్రాన వాడకం రాదని బుర్మకాన్‌కు మొదటి నెలలోనే తెలిసింది. పిల్లలు కొత్త మాట కనబడగానే పుస్తకం తెరిచి, మొదటి పేజీ నుంచి తిప్పుకుంటూ వచ్చి, దొరికిన మాటకు ఎదురుగా ఉన్న మొదటి అర్థాన్ని ఎక్కించుకుని, చప్పున మూసేసేవారు. అందుకని ఆమె తనదైన పద్ధతి ఒకటి పెట్టింది. ప్రతి సెప్టెంబరులోనూ మొదటి వారమంతా పుస్తకం ముందు పేజీలే. ఏ పొట్టి గుర్తుకు ఏమిటి అర్థం, వాలు అక్షరాలు ఎందుకు, అంకెలు ఎందుకు, ఇవన్నీ నోటికి వచ్చేదాకా ఒక్క మాట కూడా వెతకనిచ్చేది కాదు. రెండో వారంలో పుస్తకం తెరవకముందే, మాట ఉన్న వాక్యాన్ని బట్టి దాని అర్థమేమై ఉంటుందో ఊహించి పలక మీద రాయాలి. తప్పైనా సరే. ఊహ లేకుండా తెరిచినవాడికి దొరికినది గుర్తుండదని ఆమె నమ్మకం. ఆ తరవాత బొటనవేలు సరిగ్గా ఎక్కడ పెడితే ఆ అక్షరం తెరుచుకుంటుందో, పేజీ నెత్తిన ఉన్న రెండు మాటలు చూసి ముందుకు పోవాలో వెనక్కి రావాలో నేర్పేది. మాటకు అతుక్కున్న ప్రత్యయాల తోకలన్నీ ఊడదీసి మొదలు పట్టుకుంటే తప్ప అది పుస్తకంలో దొరకదని చెప్పేది.

"ఎజే, దొరకలేదు."

"ఎక్కడ వెతికావు?"

"డిక్షనరీలో."

"మీ గొర్రె తప్పిపోతే మీ నాన్నతో కొండలో వెతికానంటావా, ఏ లోయో చెప్తావా?"

"లోయే చెప్తా ఎజే. లేకపోతే తంతాడు."

"మరి నేను తన్నననేగా నీ ధైర్యం? తోక ఊడదియ్యి. మళ్లీ వెతుకు."

దొరికాక అర్థాలన్నీ చివరిదాకా చదవాలి. ఒక్కొక్క దాన్నీ ఆ వాక్యంలో కూర్చోబెట్టి చూడాలి. ఏది ఒదిగి కూర్చుంటే అదే అర్థం, మొదటిదైనా ఏడోదైనా. వెళుతూ వెళుతూ పైమాటనూ కింది మాటనూ కూడా పలకరించి రావాలి. అన్నింటికన్నా ముఖ్యం, వెతికిన మాట పక్కన అంచులో పెన్సిలుతో ఒక చిన్న చుక్క పెట్టాలి. మొదటి చుక్క పరిచయం. అదే మాట కోసం మళ్లీ వస్తే రెండో చుక్క. మూడో చుక్క పడిందంటే ఆ మాటను ఇంకా పుస్తకంలోనే వదిలిపెట్టడం సిగ్గుచేటు, నోట్‌బుక్కులోకి తెచ్చుకుని దానితో సొంత వాక్యం రాయాలి. ఒకరు పెట్టిన చుక్కలు తరవాత వచ్చినవారికి దారి చూపించేవి. చుక్కలు ఎక్కువగా ఉన్న చోట జనం తిరిగే మాట ఉందని కొత్త పిల్లలు పట్టేసేవారు. ఇరవై ఏడేళ్లలో ఆ అంచుల మీద ఎన్ని వేల చుక్కలు పడ్డాయో ఎవరూ లెక్కపెట్టలేదు. కాని ఊళ్లో డాక్టరు, పశువుల డాక్టరు, సరిహద్దు చౌకీలో దుబాసీ, లారీ డ్రైవర్లు, ఇళ్లలో అమ్మలు, వీరందరి చుక్కలూ అక్కడే ఉండేవి.

వారానికొకసారి పుస్తకం ఇంటికి కూడా వెళ్లేది, వంతుల వారీగా. అక్కడ ఎదురైన చిక్కు వేరు. కొండ ప్రాంతపు ఇళ్లలో విలువైనది ఏదొచ్చినా, ఖురానైనా సైనికుడైన కొడుకు ఫొటో అయినా, గోడవారగా పేర్చిన పరుపుల దొంతి మీద, అన్నింటికన్నా ఎత్తున, శుభ్రమైన గుడ్డలో చుట్టి పెడతారు. నిఘంటువుకూ ఆ మర్యాదే దక్కింది. వారం తిరిగి వచ్చేసరికి పుస్తకం గుడ్డలో మడత నలగకుండా ఉండేది.

ఒకసారి బుర్మకాన్ స్వయంగా జూరకాన్ అవ్వ ఇంటికి వెళ్లింది.

"ఎంత జాగ్రత్తగా పెట్టానో చూడు తల్లీ. పిల్లవాణ్ణి దగ్గరికి కూడా రానియ్యలేదు."

"అవ్వా, నీ మనవడి కోసమే కదా ఇచ్చింది?"

"వాడి చేతులు చూశావా? వేయించిన బోర్సోక్ తిన్న నూనె చేతులు. పుస్తకం తాకితే పాపం."

"తాకకపోతేనే పాపం అవ్వా. శుభ్రంగా తిరిగొస్తే నేను తీసుకోను."

"అయ్యో, బుర్మకాన్‌కి చదివి చదివి మతి చెదిరిందర్రా," అని అవ్వ పులిసిన మక్సీమ్ జావ జాడీ పక్కకు జరిపి, గుడ్డ విప్పి, పుస్తకం ఒడిలో పెట్టుకుంది. "నాకు చదవడం రాదు. ఎక్కడ పెట్టాలి చుక్క?" అని అడిగింది. మనవడు 'అవ్వ' అన్న మాట తీశాడు. ఆమె వణికే చేత్తో పెట్టిన చుక్క కందిగింజంత పడింది. ఆనాటి నుంచి బుర్మకాన్ ఒక నియమం పెట్టింది. పుస్తకం ఏ ఇంటికి వెళితే ఆ ఇంటి పెద్ద చేత మొదటి చుక్క పెట్టించాలి. అప్పటి నుంచి పుస్తకాలు దొంతి మీదికి ఎక్కడం మానాయి.

ఈ చదువు ఎందుకు పనికొచ్చిందని అడిగేవారికి నూరిజా కథ చెప్పాలి. నూరిజా ఈ ఏడాది పదకొండో తరగతి పిల్ల, కాపరి బేగాలి కూతురు. రెండు వేల ఇరవై రెండు వసంతంలో గొర్రెలకు గజ్జి పట్టి, పట్నం నుంచి రెండు కాపరి మకాములకు ఒకే మందు వచ్చింది, రష్యన్ కాగితంతో. లోయలో ఫోనుకు సిగ్నలు అందదు. పక్క మకాము వాళ్ల కుర్రవాడు పాత పుస్తకమేదో తీసి, కాగితంలోని ముఖ్యమైన క్రియకు మొదటి అర్థం చూశాడు. 'వేరు చేయుట' అని ఉంది. జబ్బు గొర్రెలను వేరు చేసి, సీసాలోని మందు ఉన్నదున్నట్టు పోశారు. పదకొండు గొర్రెపిల్లలు చచ్చిపోయాయి. నూరిజా నాలుగో అర్థం దాకా చదివింది. 'నీళ్లు కలిపి పలుచన చేయుట' అన్నది వాక్యంలో ఒదిగింది. బేగాలి మందలో ఒక్క పిల్ల కూడా పోలేదు. పశువుల డాక్టరు చదువు చదవాలని నూరిజా ఆనాడే నిశ్చయించుకుంది. దాని ప్రవేశ పరీక్ష రష్యన్‌లో, ఈ ఏడాది మే నెలలో.

ఇక బుర్మకాన్ చేసిన తప్పు. చేసినది ఆమే, దాచడం దేనికి? రెండు వేల తొమ్మిదిలో బడికి కొత్తగా వచ్చిన డైరెక్టరు సగినాలి ఆమెను పిలిచి, "ఎజే, ఆ పుస్తకాలు మీ సొంతమా బడివా? ఎవరివీ కానివి ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరు ఎత్తుకుపోతారు. బడి జాబితాలో ఎక్కించి ముద్ర వేయిద్దాం," అన్నాడు. క్లబ్బు గ్రంథాలయం పొయ్యిల పాలవడం ఆమె కళ్లారా చూసింది. నీలం ముద్ర పడిన దాని జోలికి ఎవరూ రారని ఈ గడ్డ మీద పుట్టినవారందరిలాగే ఆమె కూడా నమ్మింది. తన చేత్తోనే ఒక్కొక్క పుస్తకం తెరిచి ముద్రకు అందించింది. నలభైలో పిల్లలకు ఇంకా పంచకుండా కట్టలోనే ఉన్న తొమ్మిదింటిని సగినాలి తన గదిలోని అద్దాల బీరువాకు తీసుకున్నాడు, వచ్చిపోయే అధికారులకు చూపించడానికి. ముప్పై ఒకటి తరగతిలో ఉండనిస్తే అదే పదివేలనుకుని ఆమె ఊరుకుంది. ఆ రోజు నుంచి పుస్తకాలను కాపాడే హక్కు ఆమె చేతిలోంచి జారి, తొలగించే హక్కు ముద్ర ఉన్నవారి చేతిలోకి వెళ్లింది.

గత ఫిబ్రవరి ఆరో తేదీన జిల్లా విద్యాశాఖ నుంచి సర్క్యులరు వచ్చింది. ఆదర్శ గ్రంథాలయాల పోటీకి ఎంపికైన బడులు గీతలు, మరకలు, చిరుగులు ఉన్న పుస్తకాలను తొలగించుకోవాలని అందులో ఉంది. కొత్త పుస్తకాలు ఇస్తామని ఎక్కడా లేదు. అదే నెల ఇరవై ఒకటిన ఇన్‌స్పెక్టరు ఎర్కిన్‌గుల్ వచ్చింది. నలభై ఏళ్ల మనిషి, పట్నపు బూట్లు. డైరెక్టరూ, లైబ్రేరియన్ ఆసిపా ఆమె వెంట ఉన్నారు. తరగతి నడుస్తుండగానే లోపలికి వచ్చి, ఒక పుస్తకం తీసి వెలుతురుకు పట్టింది.

"ఇవేంటి ఎజే? బడిలో ఈగలు ఎక్కువా?"

పిల్లలెవరో కిసుక్కుమన్నారు. బుర్మకాన్ నవ్వలేదు.

"పిల్లలు వెతికిన మాటల గుర్తులమ్మా అవి. ఒక్కొక్క చుక్కా ఒక్కొక్క వెతుకులాట."

"ప్రభుత్వ ఆస్తి మీద రాయడం నేరమని పిల్లలకు చెప్పలేదా మీరు?"

"చెప్పాను. రాయమని కూడా నేనే చెప్పాను. నేరమైతే నా మీద వేయండి, పుస్తకాల మీద కాదు."

"ఈ రోజుల్లో డిక్షనరీలు ఎవరు తిరగేస్తారండీ? జేబులో ఫోన్లున్నాయిగా."

"ఫోను ఒక్క అర్థం చేతిలో పెట్టి పంపేస్తుంది. ఎందుకు అదే, ఇంకోటి ఎందుకు కాదు అంటే చెప్పదు. పైగా మా లోయల్లో అది ఒట్టి దీపం."

"మీ లోయల సంగతి వేరే శాఖ," అంది ఎర్కిన్‌గుల్. సగినాలి మధ్యలో కలగజేసుకుని, గొంతు తగ్గించి, "పోనీ ఎజే, ఆ చుక్కలు చెరిపించెయ్యండి. మార్చి పద్దెనిమిదిన మళ్లీ చూస్తారు. శుభ్రంగా ఉంటే ఎవరికీ తలనొప్పి ఉండదు," అన్నాడు. ఇన్‌స్పెక్టరు తల ఊపింది. పుస్తకాలు తరగతిలో ఉండాలంటే చుక్కలు పోవాలి. ఒప్పందం ఇంతే.

మర్నాడు పొద్దున బుర్మకాన్ పిల్లలందరికీ రబ్బర్లు పంచింది.

"ఎజే, ఇది మా అన్న చుక్క. సైన్యంలో ఉన్నాడు," అన్నాడు ఒకడు.

"చెరుపు."

"ఎజే, ఈ పెద్దది ఎవరిది?"

ఆమె వంగి చూసింది. జూరకాన్ అవ్వది. అవ్వ పోయి ఆరేళ్లు. "అదీ చెరుపు. పుస్తకం మిగిలితే చుక్కలు మళ్లీ పెట్టుకోవచ్చు," అంది. అంటున్నప్పుడు ఆ మాట తనకే నమ్మబుద్ధి కాలేదు.

తొమ్మిది రోజులు చెరిపారు. ఆ నిఘంటువుల కాగితం ఉల్లిపొరంత పల్చన. కొట్టులో దొరికే రబ్బర్లు గట్టివి, ఒక మూల సిరా చెరపడానికి గరుకుగా ఉండేవి. రెండో రోజుకే అంచులు రేగడం మొదలైంది. మెత్తటి రొట్టె ముద్దతో రుద్దితే కాగితం నలగకుండా పెన్సిలు వదులుతుందని బుర్మకాన్ బొమ్మల పాఠాల పుస్తకంలో చదివి ఉంది. కాని రొట్టె తలకిందులుగా పెట్టినా, నేల మీద పడిన తునకను కళ్లకద్దుకోకుండా వదిలేసినా తప్పుగా ఎంచే ఊరు అది. రొట్టెతో కాగితం తుడవమని ముప్పై మంది పిల్లలకు ఏ నోటితో చెబుతుంది? చెప్పినా ఏ పిల్ల చేస్తుంది? నోటిదాకా వచ్చిన మాటను ఆమె మింగేసింది. రబ్బర్లతోనే రుద్దించింది. కొన్ని చోట్ల చుక్కతో పాటు మాట కూడా లేచిపోయింది. నూరిజా ఒక పేజీ చిరిగిందని ఏడుస్తూ వచ్చి చూపిస్తే, జిగురు కాగితం అతికించి, "నీ తప్పు కాదు," అంది. అది ఎవరి తప్పో మాత్రం ఆ పిల్లకు చెప్పలేకపోయింది.

మార్చి పద్దెనిమిదిన ఎర్కిన్‌గుల్ వచ్చి, అదే పుస్తకం తీసి, అదే వెలుతురుకు పట్టింది.

"చుక్కలు పోయాయి."

"పోయాయి," అంది బుర్మకాన్.

"కాగితం కూడా పోయింది. మీరే చూడండి, చిల్లులు, అతుకులు, రేగిన అంచులు. ఇవి తిరిగి వాడకానికి పనికిరావు."

"చెరిపించమన్నది మీరు."

"శుభ్రం చేయమన్నాం ఎజే. పాడు చేయమనలేదు."

డైరెక్టరు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. ఏం చూశాడో గాని, బయట తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు.

తొలగింపు పత్రం మీద మూడో సంతకం ఆసిపాది. పుస్తకాలకు జవాబుదారీ ఆమె. ఒక్క పుస్తకం తగ్గినా ఆమె ఉద్యోగానికే ముప్పు. సంతకం పెట్టే ముందు బుర్మకాన్ ఇంటికి వచ్చింది. చాయ్ పోస్తే తాగలేదు.

"నేను పెట్టకపోతే ఇంకొకర్ని పిలిచి పెట్టిస్తారు ఎజే."

"తెలుసు."

"నన్ను తిట్టండి. తిడితే కొంచెం తేలికపడతా."

"తిట్టడానికి కూడా ఓపిక లేదే ఆసిపా. మీ అబ్బాయి చుక్కలు కూడా అందులోనే ఉండేవని తెలుసా నీకు?"

"తెలుసు," అంది ఆసిపా. లేచి వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున సంతకం పెట్టింది.

బుర్మకాన్ మూడు విన్నపాలు రాసింది. మార్చి ఇరవై, మార్చి ఇరవై తొమ్మిది, ఏప్రిల్ నాలుగు. మొదటిదానిలో ఆ పుస్తకాలు బొగ్గుకు బదులుగా తాను తెచ్చినవనీ, తీసేసేటట్టయితే తనకే తిరిగి ఇవ్వమనీ వేడుకుంది. రెండోదానిలో, తూకానికి వేసేముందు కనీసం పాడుకాని పేజీలున్న పన్నెండింటిని విడిచిపెట్టమంది. మూడోదానిలో ఒక్క పుస్తకం, మే నెల పరీక్ష దాకా, నూరిజా కోసం అడిగింది. మూడింటికీ కలిపి జిల్లా విద్యాశాఖ అధిపతి సంతకంతో ఒకే జవాబు వచ్చింది. రెండు వాక్యాలు. 'మీ విన్నపం అందినది. తొలగించబడిన ఆస్తి వ్యక్తులకు అప్పగించుటకు నియమావళి అంగీకరించదు.' తేదీ ఏప్రిల్ పద్నాలుగు. లారీ వచ్చి వెళ్లింది పన్నెండున.

ఆ రోజు బడిలో చిత్తు కాగితాల రోజు. ప్రతి పిల్లా ఇంటి నుంచి ఇంత కాగితమని తెచ్చి కోటా నింపాలి. ఈ ఏడాది తెచ్చిన కాగితం కోటాకు తగ్గింది. నిఘంటువులతో కలిపి తూచాక సరిపోయింది, కొంచెం మిగిలింది కూడా. ఆ మిగులుకు బడికి ప్రశంసాపత్రం వచ్చింది. పాత వార్తాపత్రికల కట్టల మీద నిఘంటువులను విసురుతుంటే బుర్మకాన్ గేటు దగ్గర నిలబడి చూసింది. విసరవద్దని, దొంతిగా పేర్చమని మాత్రం లారీ వాళ్లను అడిగింది.

"ఎలా వేసినా నలిగిపోయేవేగా అక్కా," అన్నాడు లారీ అతను, మర్యాదగానే. అతనిదేం తప్పు లేదు. నిజమే చెప్పాడు.

ఏప్రిల్ చివరిలో తరగతి గదిలో కొత్త మాట వచ్చినప్పుడు అలవాటు కొద్దీ కొందరు పిల్లల చేతులు నిఘంటువు కోసం బల్ల కిందికి వెళ్లేవి. తరవాత అదీ పోయింది. నూరిజా ఒకరోజు అనువాదం తెచ్చి ఇచ్చింది. బుర్మకాన్ చదివి, ఒక మాట దగ్గర వేలు ఆపింది.

"దీనికి ఇదే అర్థమా?"

"ఫోన్లో మొదట వచ్చింది ఎజే. ఊళ్లోకి వచ్చినప్పుడు చూసుకున్నా."

"వాక్యంలో కూర్చుందా?"

పిల్ల తల వంచుకుంది. "కూర్చోలేదు. కాని మిగతావి చూడటానికి ఏముంది ఎజే? మొదటిదే రాశా."

పరీక్షలో రష్యన్ నుంచి అనువదించవలసిన భాగం వచ్చింది. నూరిజా నిలబడలేకపోయింది. ఎన్ని మార్కులు తగ్గాయో ఆమె ఎవరికీ చెప్పలేదు. జూన్‌లో తల్లిదండ్రులతో పాటు కొండమీది పచ్చికల మకాముకు వెళ్లిపోయింది. వచ్చే ఏడాది మళ్లీ రాస్తుందా అని బుర్మకాన్ బేగాలిని అడిగితే, "పెళ్లి మాటలు జరుగుతున్నాయి ఎజే," అన్నాడు. అతని గొంతులో కోపమేమీ లేదు. అదే ఆమెకు అన్నింటికన్నా కష్టంగా తోచింది.

జూన్ ఎనిమిదిన బుర్మకాన్ తన ముందు పెట్టిన రాజీనామా పత్రం మీద సంతకం పెట్టింది. 'స్వచ్ఛందంగా' అన్న మాట ముందే టైపు చేసి ఉంది. ముప్పై తొమ్మిదేళ్ల ఉద్యోగం. వీడ్కోలు సభలో పూలగుత్తితో పాటు ఒక బహుమానం ఇచ్చారు, ఉన్ని శాలువా. సగినాలి ఉపన్యసిస్తూ, పిల్లలకు పుస్తకాలంటే ప్రేమ నేర్పిన మహాతల్లి అని కొనియాడాడు. ఆమె వింటూ కూర్చుంది. ఇంటికి వచ్చి శాలువా మడతపెట్టి పక్కన పెట్టింది. తరవాత చాలా రోజులు బయటికి రాలేదు. పలకరించడానికి వెళ్లినవారితో, "చెరిపించాను. నా చేత్తోనే చెరిపించాను," అని మాత్రం అంటుంది. ఓదార్చబోతే చెయ్యి అడ్డుపెడుతుంది.

జిల్లా విద్యాశాఖ అధిపతిగారూ, ఇన్‌స్పెక్టరు ఎర్కిన్‌గుల్ గారూ, డైరెక్టరు సగినాలి గారూ! మీ ముగ్గురి పేర్లూ, మీ సంతకాలూ, మీరు పంపిన ప్రతి కాగితమూ తేదీల వారీగా ఉన్నాయి. చదవడం వల్ల పాడైన పుస్తకాన్ని, చదవకుండా పాడైన పుస్తకాన్ని ఒకే తరగతిలో చేర్చే నియమం మీ నియమావళిలో ఏ పుటలో, ఏ క్రమసంఖ్య కింద ఉందో రాతపూర్వకంగా చూపండి. చూపలేకపోతే పదిహేడో నంబరు పత్రాన్ని రద్దు చేయండి. ఆ బడి పిల్లలకు ముప్పై ఒక్క నిఘంటువులు తెచ్చి, అద్దాల వెనక కాదు, బల్లల మీద పెట్టండి. వాటి అంచుల మీద రాయడానికి పిల్లలకు అనుమతి ఉందని మీ ముద్రతోనే ఉత్తర్వు ఇవ్వండి. ఆ ఉత్తర్వు మొదటి ప్రతిని తీసుకుని మీ ముగ్గురూ బుర్మకాన్ సదీర్ కీజీ ఇంటికి వెళ్లి, చెరిపించమన్నది మేమేనని, తప్పు ఆమెది కాదని, ఆమె ముఖం మీద చెప్పండి. సెప్టెంబరు ఒకటి దాకా గడువు. జవాబు కావాలి.